మందు పెట్టిన అర్ర

పుస్తకాలకు పురుగు పడుతది. చేనుకు పడ్డట్టే పడుతది. లైబ్రరీల పనికి కుదిరేదాంక ఆ సంగతి నాకు ఎరుక లేదు. కాయితం తిని బతికే పురుగు ఉంటదంటే మా ఉమ్రి దిక్కు ఊర్లల్ల నవ్వుతరు. మాకు జొన్నలకు, కందులకు పట్టే పురుగే ఎరుక. దాన్ని ఎండల పోసి దులుపుతుంటిమి. పుస్తకాన్ని దులిపితే పోదు, పొట్టల ఉంటది. తెల్లగ, సన్నగ ఉంటది. ఎలుగు పడంగనే ఉరుకుతది.

నేను అక్షరాలు నేర్సుకున్నది నలభై దాటినంక. ముందు మరాఠీ, దానెన్క తెలుగు. చదువుకున్నోళ్లు రాసినట్టు నాకు రాదు. చూసింది చూసినట్టు రాస్త.

నాందేడ్‌ల యూనివర్సిటీ కింద నడిచే లైబ్రరీ అది. పేరు రాయ. ఎమర్జెన్సీ ఎత్తేసినంక రెండో ఏడో, మూడో ఏడో. నా పెనిమిటి మోంఢాల, అంటే నాందేడ్ ధాన్యం బజార్ల, సంచులు మోసెటోడు. నడుము పట్టేసి మంచం మీద పడ్డడు. ఇద్దరు ఆడపిల్లలు. ఎవరో చెప్తే లైబ్రరీల ఊడిచే పని దొరికింది. పొద్దుగాల పోయి కిడికీలు తెరవాలె, బల్లలు తుడవాలె, రంజన్ల నీళ్లు నింపాలె, మళ్ల మాపటికి కిడికీలు ముయ్యాలె. అంతే నా నౌకరి.

లైబ్రరీకి పెద్ద, మేమందరం సాహెబ్ అనేటోళ్లం. మరాఠాయన. సన్నటి మనిషి, గొంతు గూడ సన్నదే. ఆయన కోపం చేస్తే ఇనెటానికి దగ్గరికి పోవాలె. మా దిక్కు నేల నల్లరేగడి. వానకాలం చెప్పుకు అంటిందంటే కత్తితోని గీకితె గని ఊడదు. పనోళ్లందరు ఎనుక అరుగు మీద చెప్పులిడిసి ఉత్త కాళ్లతోని లోపటికి రావాలెనని ఆయన కాయిదా పెట్టిండు. వానలు పోయినా ఆ కాయిదా పోలేదు. దాంతోని మాకొక అలవాటయింది. ఫలానోళ్లు ఉన్నరా అని ఎవరన్న అడిగితే అరుగు దిక్కు చూసి జవాబిస్తుంటిమి. ఉన్నడు, చెప్పులున్నయ్. పోయింది, చెప్పులు లెవ్వు. హాజరీ పుస్తకంల సంతకం అబద్ధమాడుతదేమో గని చెప్పులు ఆడయని మా నమ్మకం.

పనోళ్ల ఖబర్లకు ఎనుక అర్రల ఒక నల్లబల్ల ఉండె. ఎవరికి బదిలీ అయింది, ఎవరింట్ల పెండ్లి, ఎవరు పింఛన్ మీద పోతున్నరు, ఎవరి ఇంట్ల ఎవరు సచ్చిపోయిన్రు, అన్ని సాహెబ్ సాక్‌పీసుతోని దాని మీద రాసెటోడు. పొద్దుగాల అచ్చినోళ్లు అచ్చినట్టే దాని ముంగట నిలబడి చదువుకొని, నవ్వెటోళ్లు నవ్వి, నాలిక కొరుక్కునెటోళ్లు కొరుక్కొని పనిల పడెటోళ్లు. చదువ రానోళ్లం ఇద్దరమే. నేనొకదాన్ని, పుస్తకాలు కుట్టే ముసలాయన ఒకడు. క్లర్కు బాయి ఒకామె ఉండె, మంచిది. నాకు బల్ల చదివి చెప్పేది. నేను పోయి ముసలాయన చెవుల ఒర్రెటిదాన్ని. ఆయనకు చెవుడు.

ఆయన మావోడే, తెలుగాయన. మర్ఖేల్ దిక్కు నుంచి బతుకుదెరువుకు అచ్చిన మనిషి. చుట్టం గాడు గని మామా అంటుంటి, ఆయన నన్ను కోడలా అంటుండె. చెవుడున్నోళ్లకు ఒక గుణం ఉంటది. ఇనపడలేదని చెప్పెటానికి సిగ్గు. ఏం చెప్పినా తల ఊపుతుండె. ఒకపారి పెద్ద క్లర్కు తల్లి సచ్చిపోయిందని చెప్పిన. తల ఊపిండు. ఆ క్లర్కు గుండుతోని పనికి అచ్చేసరికి, "తిరుపతి పోయినవా సేఠ్, నా లడ్డేది?" అని చెయ్యి చాపిండు. పెద్ద క్లర్కు ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వక నిలబడ్డడు. నేను చీపురు పట్టుకొని బయటికురికిన.

పగటీలి బువ్వ తిన్నంక ఈ మామ పాత అర్రలకు పోయి పండుకునెటోడు. పాత అర్రంటే లైబ్రరీకి ఎనుక కొసకు ఉండెటిది. నిజాం కాలపు ఉర్దూ పుస్తకాలు, ఎవరు అడగని మరాఠీ, తెలుగు పుస్తకాలు, మూటలు కట్టిన పాత పేపర్లు అన్ని ఆడనే. షాబాదు బండల నేల, సల్లగ ఉంటది. కొస బీరువాల ఎన్క పేపరు మూటల నడుమ గోనె పరుచుకొని, తువ్వాల చుట్టి తల కింద పెట్టుకొని ఒక కునుకు తీసెటోడు. బయటి నుంచి చూస్తే ఆడ మనిషి ఉన్నడని ఎవరికి తెల్వదు. ఊడిచేదాన్ని గనుక నాకు ఎరుక. ముసలి పాణం, పండుకోనియ్ అని నేను ఎవరితోని అనలేదు.

ఆ పాత అర్రలనే పురుగు మస్తు పడ్డది. యూనివర్సిటీ నుంచి తనిఖీకి పెద్దోళ్లు అస్తరని ఖబర్ అచ్చింది, సాహెబ్‌కు నిద్ర పట్టలే. పుస్తకాలకు మందు పెట్టెటోళ్లు బొంబాయి నుంచి రావాలెనట, రాసి పంపితే ఎప్పటికి అస్తరో. ఎవరో చెప్పిన్రు, మోంఢాల ధాన్యం గోదాములకు మందు పెట్టే మనిషి ఉన్నడని. సాహెబ్ పిలిపిచ్చిండు. లావు మనిషి, బుగ్గల సుపారీ. అర్ర అంత తిరిగి చూసి, "కీడా తో కీడాచ్ హై సాబ్," అన్నడు. గోధుమలైతేంది, కితాబులైతేంది, పురుగు పురుగే గద అని ఆయన లెక్క. అర్ర మూసి, సందులన్ని కాయితాలతోని అంటిచ్చి, లోపట గోలీలు పెడుత, గాలికి గోలీ పొగలెక్క అయితది, కొన్ని పొద్దులకు తెరిస్తె ఒక్క పురుగుండదు అన్నడు.

"మనిషుంటే?" అని క్లర్కు బాయి ఊకెనే అడిగింది.

"మనిషా? మనిషి పురుగు కన్న ముందే పోతడు బాయి," అని నవ్విండు. సుపారీ నమలుకుంట నవ్విండు. ఆ నవ్వు నాకు ఇయ్యాల్టికి యాదుంది.

దేవీ నవరాత్రుల మొదటి పొద్దు మందు పెట్టాలెనని అనుకున్నరు. కాలేజీలకు సెలవులు, చదువుకునే పిల్లలు రారు. ముందు పొద్దు సాహెబ్ బల్ల మీద రాసిండు, రేపు పగటీలి నుంచి పాత అర్ర బంద్, విషం పెడుతున్నరు, ఎవరు పోవద్దని. క్లర్కు బాయి చదివి చెప్పింది. తెల్లారి పొద్దుగాల అచ్చుడు అచ్చుడే నేను మామ దగ్గరికి పోయిన. ఆయన దారం పండ్ల నడుమ పట్టుకొని పుస్తకం కుడుతున్నడు.

"మామా, పగటీలి నుంచి పాత అర్ర బంద్. విషం పెడుతున్నరు. ఆడికి పోకు," అని చెవుల ఒర్రిన.

తల ఊపిండు. నోరు తెరవలేదు. పండ్ల నడుమ దారముంది గద అనుకున్న.

నేను ఎనుక వాకిట్ల పొయ్యి పెట్టి మైదపిండితోని లై ఉడకబెట్టిన. అంటిచ్చే పని నాకే చెప్పిన్రు. పాత పేపర్లు పట్టీలు పట్టీలుగ కోసి పెట్టుకున్న. కిడికీలకు బయటి నుంచి, దర్వాజకు సందు లేకుంట అంటియ్యాలె. పగటి బువ్వలయినంక గోదాము మనిషి మూతికి తడిగుడ్డ కట్టుకొని లోపటికి పోయి, గోలీలు ఆడాడ పెట్టుకుంట, ఎన్కెన్కకు నడుసుకుంట దర్వాజ దాంక అచ్చిండు. గడప మీద నిలబడి, "కోయీ హై క్యా?" అని ఒక కేక ఏసిండు. ఎవరు పలుకలే. దర్వాజ గుంజిండు. నేను పట్టీ మీద పట్టీ అంటిచ్చిన. అరచెయ్యితోని గట్టిగ రుద్దిన, గాలి గూడ పోవద్దని. ప్యూన్ ఒక పిల్లగాడు సాక్‌పీసుతోని పుర్రె బొమ్మ గీసిండు. బాగ గీసినవ్ రా అని అందరం నవ్వినం.

చేతులకు లై అంటుకొని ఎండుతున్నది. కడుక్కుందామని ఎనుక నల్లా కాడికి పోయిన. అరుగు మీద చెప్పులున్నయ్. అందరివి ఉన్నయ్. అండ్ల మామ చెప్పులు గూడ ఉన్నయ్. టైరు అట్టలు, ఒక పట్టె తెగితే పుస్తకాలు కుట్టే దారంతోనే కుట్టుకున్నడు. అసొంటి చెప్పులు ఇంకెవరికి లెవ్వు.

కుట్టే అర్రలకు పోయిన. లేడు. పుస్తకం సగం కుట్టి ఉంది, సూది దాంట్లనే గుచ్చి ఉంది.

పాయఖాన దిక్కు పోయి చూసిన. చదువుకునే పెద్ద అర్రల చూసిన. గేటు కాడ కావలాయనను అడిగితే, "ముసలాయనా? లోపటనే ఉండాలె, చెప్పులున్నయ్ గద," అన్నడు. మేమందరం ఎప్పుడు చెప్పే మాటనే అది.

బువ్వ తిన్నంక ఆయన ఏడికి పోతడో నాకు ఒక్కదానికే ఎరుక. పొద్దుగాల నేను చెప్పింది ఇనపడ్డదా లేదా? తల ఊపిండు. దేనికైన ఊపుతడు. గడప మీద ఏసిన కేక చెవిటోనికి ఏమినపడుతది? నిద్రల ఉన్న చెవిటోనికి? నా చేతులు చూసుకున్న. లై ఇంక ఎండలే.

సాహెబ్ అర్రల క్లర్కు బాయి గూడ ఉంది. నేను అడగకుంటనే లోపటికి పోయిన.

"సాహెబ్, కుట్టే మామ కనపడ్త లేడు. పాత అర్రల ఉన్నడేమో."

"పాత అర్రల ఎందుకుంటడు?"

"పగటీలి ఆడ పండుకుంటడు. రోజు పండుకుంటడు."

సాహెబ్ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. "నీకెట్ల ఎరుక?"

"ఊడుస్త గద సాహెబ్. నౌకరి తీసేస్తే తియ్యున్రి, ముందు అర్ర తెరిపియ్యున్రి."

ఆయన లేచిండు, మళ్ల కూసున్నడు. తెరిచినంక లోపట ఎవరు లేకుంటె మందంత పాడైతది, తెరిచినోళ్లకు విషం తగులుతది, ముందు ఇంటికాడ చూపిద్దాం అన్నడు. ప్యూన్ పిల్లగాన్ని సైకిల్ మీద ఇత్వారకు తోలిండు, మామ ఇల్లు ఆడనే. ఇత్వార దూరమేం గాదు. అయినా పిల్లగాడు అచ్చేదాంక నేను దర్వాజ ముంగట నిలబడ్డ. పట్టీలకు చెవి ఆనిచ్చి ఇన్న. తలుపు కొట్టిన. చెవుడున్నోనికి తలుపు కొడితే ఏం లాభమని ఎరుకే, అయినా కొట్టిన. నేల మీద కాలుతోని దంచిన, బండకు అదురు తగిలితే లేస్తడేమోనని. లోపట సప్పుడు లేదు. దర్వాజ కింద ఒక పట్టీ లై ఎండక కొసకు లేచింది, ఆడి నుంచి గోలీల వాసన, ఎల్లిగడ్డ లెక్క, అస్తున్నది. ఎవరో లోపట పోపు ఏసినట్టు.

పిల్లగాడు అచ్చిండు. ఇంటికి తాళం ఉందట. పక్కింటామెను అడిగితే, మామ భార్య పొద్దుగాల్నే ఆడోళ్లతోని టెంపోల వడేపురి గుట్టకు దేవి కాడికి పోయింది, ముసలాయన డ్యూటీకి పోయిండు గద, ఆడనే ఉంటడు అన్నదట.

డ్యూటీకి పోయిండు గద.

గోదాము మనిషిని పిలిచిన్రు. ఆయన వాకిట్ల చెట్టు కింద బీడీ తాగుతున్నడు. సంగతి చెప్తే మొకం మాడ్చిండు. తెరవద్దన్నడు. గోలీలు పొగలైనయ్, ఇప్పుడు తెరిస్తే తెరిచినోడు పోతడు అన్నడు.

"మరి లోపటోడు?" అన్న.

"లోపట ఉంటె ఇప్పటికే..." అని ఆపిండు.

సాహెబ్ ఆయన దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, దర్వాజ దిక్కు చూసిండు. ఆయన గూడ భయపడ్డడని నాకు తెలిసిపోయింది. పెద్దోళ్ల భయం చూస్తే చిన్నోళ్ల భయం రెండింతలైతది. కుట్టే అర్రల నుంచి మామ కత్తి తెచ్చిన. ఎవరిని అడగలే. పట్టీల మీద మీది నుంచి కిందికి గీరిన.

"అరే, ఏ బాయి, మర్ జాయెగీ," అని గోదాము మనిషి నా రెక్క పట్టుకున్నడు.

"అయితే నువ్వు పో," అన్న.

"ఏడ పండుకుంటడో చెప్పు, పోత."

చెప్పిన. కొస బీరువా ఎన్క, పేపరు మూటల నడుమ. ఏ కొస అన్నడు. ఆ అర్ర వంకర ఉంటది, నడుమ ఒక గోడ అస్తది, రెండు దిక్కుల బీరువాలు, రెండు కొసలు, మూటలు నాలుగు జాగలల్ల. ఎట్ల చెప్పినా ఆయనకు తెల్వలే. నేను పోవాల్సిందే అని అప్పుడు సమజైంది.

నాకు పోబుద్ధి కాలేదు. అబద్ధమెందుకు. మంచం మీద పెనిమిటి, ఇంట్ల ఇద్దరు పిల్లలు, నాకేమన్న అయితే ఆ ముగ్గురికి బువ్వ లేదు. ముసలోడు ఎట్లాగు పోయిండు, పోయినోని కోసం నేనెందుకు పోవాలె అని గూడ అనుకున్న. కాళ్లు ఒక దిక్కు, మనసు ఒక దిక్కు. గని ఆ దర్వాజకు లై రుద్దిన చేతులు నావే గద. అవి నన్ను ఊకుండనియ్యలే.

గోదాము మనిషి మంచోడే. ముందు బయటి నుంచి కట్టెతోని కిడికీ అద్దాలు పలగ్గొట్టిండు, గాలి ఆడాలెనని. నీళ్లు చేదే బావి కాడి చాంతాడు తెచ్చి నా నడుముకు కట్టిండు, కొస క్లర్కు బాయి చేతికిచ్చిండు. "గుంజుమంటె గుంజు," అన్నడు. నా కొంగు నీళ్లల్ల ముంచి మూతికి, ముక్కుకు కట్టిండు. తను గూడ కట్టుకున్నడు. "సాస్ రోక్. దమ్ము పట్టుకొని పో, దమ్ము పట్టుకొని రా. లోపట మాట్లాడకు."

దర్వాజ తెరిచినం. ఎల్లిగడ్డ వాసన మొకం మీద కొట్టింది. అర్రల చీకటిగ లేదు, పలిగిన కిడికీల నుంచి ఎండ పడుతున్నది, ఆ ఎండల దుమ్ము గిరగిర తిరుగుతున్నది. నేల మీద ఆడాడ కాయితాల మీద గోలీలు బూడిదలెక్క ఉబ్బి ఉన్నయ్. రోజు ఊడిచే అర్రనే. చీపురు లేకుంట అండ్ల నడుస్తుంటె నాకది కొత్త జాగ లెక్క ఉండె. దమ్ము పట్టుకున్న. నడిమి గోడ దాటిన. కండ్లు మండినయ్. కొస బీరువా. మూటలు. ఒంగి మూటల నడుమ చెయ్యి పెట్టిన.

చేతికి మెత్తగ తగిలింది.

బట్ట. బట్ట కింద ఉబ్బెత్తుగ ఏదో ఉంది. తల అనుకున్న. ఆ పూట నా పాణం ఎట్ల నిలిచిందో నాకే తెల్వదు. దమ్ము ఇడిసిపెట్టిన, మామా అని ఒర్రిన, విషం లోపటికి గుంజిన. బట్ట పట్టి గుంజిన. తువ్వాల అది. చుట్టి పెట్టిన తువ్వాల. దాని కింద గోనె. గోనె కింద బండ. బండ సల్లగ ఉంది.

మనిషి లేడు. అయినా నమ్మబుద్ధి కాలేదు. మూటల నడుమ అటిటు చేతులు పెట్టి కెలుకుతున్న. గోదాము మనిషి రెక్క పట్టి గుంజిండు, చాంతాడు గుంజింది, నేను మూటల మీద పడి లేచిన. బయట నల్లా కాడ కూలబడి తిన్న బువ్వంత కక్కిన. క్లర్కు బాయి వీపు నిమిరింది.

"లేడా?" అని సాహెబ్ అడిగిండు.

"ఆ జాగల లేడు."

"మిగిలిన జాగలల్ల?"

నేను చూసింది ఒక్క జాగనే. గోదాము మనిషి గుడ్డ మళ్ల తడుపుకొని లోపటికి పోయిండు, అచ్చిండు, గాలి పీల్చుకొని మళ్ల పోయిండు. బీరువా బీరువా ఎన్క చూసి, ఎవరు లేరు అని నేల మీద కూసున్నడు. ఆయన కండ్లు ఎర్రగ అయినయ్.

లోపట లేడు. మరి ఏడున్నడు? చెప్పులిడిసి, సూది గుచ్చి, చెప్పకుంట ఏడికి పోయిండు? గోదావరి దగ్గరనే. ముసలోళ్ల మనసులు ఎవరికెరుక. ఠాణాల చెప్పాల్నా అని సాహెబ్ క్లర్కు బాయిని అడుగుతున్నడు. అరుగు మీద, మా చెప్పుల పక్కన కూసున్నడు ఆయన. ఆయన అట్ల కింద కూసుంటె నేను అప్పుడే చూసిన. పొద్దు గుంకే యాళైంది. ఎవరు ఇంటికి పోలే.

గేటు తెరుచుకుంది. మామ అస్తున్నడు. నొసటి నిండ కుంకుమ, చేతుల కొబ్బరి చిప్ప, ఉత్త కాళ్లు, మోకాళ్ల దాంక దుమ్ము. ఎన్క ఆయన భార్య. చెవుడున్నోళ్లు మెల్లగ మాట్లాడలేరు. వాకిట్ల అడుగు పెట్టుడే, "ఏందిది, అద్దాలన్ని పలిగినయ్? దొంగలు పడ్డరా?" అన్నడు.

"నువ్వే పడ్డవ్ మామా," అన్న నేను. నల్లా కాడ కూసునే ఉన్న. "ఏడికి పోయినవ్?"

"వడేపురి. దేవి కాడికి. నడిచి పోయి టెంపోల అచ్చినం. నువ్వే గద పొద్దుగాల చెప్పింది, పాత అర్ర బంద్ అని? ఇనపడ్డది నాకు. పండుకునే అర్ర బందైతే ఈడ నాకేం పని, ఎనుక దిక్కు నుంచి పోయిన."

"పోతున్న అని ఒక మాట చెప్పొద్దా?"

"మౌనం గద. గుట్ట ఎక్కి దేవిని చూసేదాంక నోరు తెరవొద్దని మొక్కు."

"మరి చెప్పులు?"

"తొమ్మిది పొద్దులు చెప్పులెయ్యొద్దు గద కోడలా. ఇంటిదాంక మోసుకపోయి మళ్ల మోసుకచ్చుడెందుకని నిన్న మాపటికే ఈడ ఇడిసిన. అవేమన్న దొంగలు ఎత్కపోతరా?"

క్లర్కు బాయి కొంగు నోట్ల పెట్టుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెల్వలే. ప్యూన్ పిల్లగాడు ముసలామెకు జరిగిందంత చెప్పిండు. ఆమె ఇన్నది, ఇని మొగని భుజం మీద ఒకటి చరిచింది. "నీ నోటికి తాళమేస్తే ఊరంత తిప్పలాయె. మౌనమట మౌనం. ఇంట్ల గూడ గట్లనే ఉండు, నాకు సుకమైతది."

"ఏం మొక్కు మామా?" అని అడిగిన.

ఆయన సాహెబ్ దిక్కు ఒకపారి చూసిండు. గొంతు తగ్గిచ్చిన అనుకున్నడు గని అందరికి ఇనపడ్డది. "కండ్లకు. సూదిల దారం ఎక్కుత లేదు ఈ మధ్యన."

సాహెబ్ ఇన్నడు. మామ కొబ్బరి ముక్క పలగ్గొట్టి ముందు ఆయనకే ఇచ్చిండు. సాహెబ్ రెండు చేతులు పట్టిండు. ముక్క జారి కింద పడ్డది. ఒంగి తీసుకొని, దుమ్ము ఊది, కండ్లకద్దుకొని జేబుల పెట్టుకున్నడు. మామకు అప్పటిదాంక సంగతి సగమే సమజైంది. నా దగ్గరికి అచ్చి, నా ఎర్రటి కండ్లు చూసి, "లోపటికి పోయినవా నువ్వు?" అన్నడు.

"పోయిన."

"నేను లేను గద."

"ఉన్నవనుకున్న."

తల ఊపలేదు. కొబ్బరి చిప్పంత నా ఒళ్లె పెట్టి, మొకం అటు తిప్పుకున్నడు.

ఇంటికి పోయినంక గూడ కక్కుకున్న. తలనొప్పి పోలే. మా పెద్ద పిల్ల మజ్జిగ తాగిపిచ్చింది. భయం మాత్రం మజ్జిగతోని పోయేది గాదు. ఇంట్ల సందూక మూత ముయ్యాలన్నా ముందు లోపట చెయ్యి పెట్టి చూస్తుంటి. పిల్లలు నవ్వుతుండిరి, అండ్ల ఏముంటదే అమ్మా అని. క్లర్కు బాయి ఆ వారంలనే నాకు అక్షరాలు మొదలు పెట్టిచ్చింది. మాపటికి అందరు పోయినంక నల్లబల్ల మీదనే దిద్దిపిచ్చేది. ఆ కత వేరే.

మందు పాడైంది గనుక మళ్ల పెట్టాలె. తనిఖీ దగ్గర పడ్డది. అద్దాలు ఏపిచ్చిన్రు, అర్ర ఊడ్చి గాలి ఆడనిచ్చిన్రు, దసరా దాటినంక గోదాము మనిషి మళ్ల అచ్చిండు. సాహెబ్ నన్ను పిలిచి, బాయి, లై ఉడకబెట్టు అన్నడు.

"ఉడకబెడుత. గని అందరు నా ముంగట నిలబడితెనే అంటిస్త. ఒక్కలు తక్కువైనా అంటియ్య," అన్న.

సాహెబ్‌కు షరతు పెట్టుడు అదే మొదలు. ఆయన ప్యూన్‌ను పంపిండు. ఒకలెన్క ఒకలు వాకిట్లకు అచ్చిన్రు, పెద్ద క్లర్కు, క్లర్కు బాయి, కావలాయన, ప్యూన్ పిల్లగాడు, మామ. మామ రెక్క పట్టుకొని నేనే తెచ్చి నిలబెట్టిన. పెద్ద క్లర్కు, "బాయి ఇయ్యాల పరేడ్ తీసుకుంటున్నదా?" అని నవ్విండు. గోదాము మనిషి, "మై భీ?" అన్నడు. నువ్వు గూడ అన్న. ఆఖరికి సాహెబ్ లోపటి నుంచి అచ్చి మామ పక్కన నిలబడ్డడు. ఎండల అందరి మొకాలు చూసిన. ఒక్కొక్కరి మొకం చూసి, ఎన్కకు మర్లి పట్టీ తీసుకున్న.

అంటిచ్చిన. రుద్దిన. మీది నుంచి కింది దాంక, సందు లేకుంట. అయిపోయినంక దర్వాజకు చెవి ఆనిచ్చిన. లోపట సప్పుడు లేదు. అందరు నా ఎన్కనే ఉన్నరు, పెద్ద క్లర్కు దగ్గు ఇనపడుతున్నది, మామ ప్యూన్ పిల్లగాన్ని ఏమైందిరా అని గట్టిగ అడుగుతున్నడు. అన్ని ఎరుకే. అయినా చెవి తియ్యబుద్ధి కాలే.

"ఇగ చాలు బాయి," అన్నడు సాహెబ్.

"ఇంకొక్క ఘడియ సాహెబ్," అన్న.

ఎవరు కదలలే. ఆయన గూడ కదలలే.